హైస్కూలు పిల్లలకు తొలి ఫోన్: ముందు సిగ్నల్, తర్వాత సిమ్, చివరికి ఫోన్

తెలంగాణ సర్కారు బడుల్లో ఐదో తరగతితో ప్రాథమిక చదువు ముగుస్తుంది. ఆరో తరగతి నుంచి చాలామంది పిల్లలు సొంత ఊరి బడి వదిలి మండల కేంద్రంలోనో, పక్కనున్న పెద్ద ఊళ్లోనో ఉండే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు మారతారు. జనగామ జిల్లాలో పాలకుర్తి, దేవరుప్పుల, బచ్చన్నపేట చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఆర్టీసీ బస్సుల్లో, ఆటోల్లో, సైకిళ్ల మీద వెళ్తారు. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, బయ్యారం, కురవి, మరిపెడ మండలాల తండాల పిల్లలు ముందు రోడ్డు దాకా నడిచి, అక్కడ బండి ఎక్కాలి. భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, పలిమెల వంటి అటవీ మండలాల్లో బస్సు తప్పితే మరొకటి ఎప్పుడొస్తుందో తెలియదు. ఇంటికీ బడికీ దూరం పెరగడంతోనే పిల్లలకు ఫోన్ కొనాలన్న మాట మొదలవుతుంది.

ఈ మూడు జిల్లాలు ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. అంతకు నెల ముందు, సెప్టెంబర్ 5న, జియో సేవలు మొదలై డేటా ధరలు పడిపోయాయి. 2020లో కరోనాతో బడులు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో డిజిటల్ పాఠాలు నడిపింది. టీవీ లేని ఇళ్లకూ, పాఠం సమయానికి టీవీ ముందు కూర్చోలేని పిల్లలకూ ఫోనే దిక్కయింది. అవసరానికి కొన్న ఆ ఫోన్లు బడులు తెరిచాక కూడా పిల్లల చేతుల్లోనే ఉండిపోయాయి.

ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతంలో జరిపిన అసర్ 2024 సర్వే ప్రకారం 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సుమారు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. దాన్ని వాడటం తెలిసినవారు 80 శాతానికి పైనే. వాడటం తెలిసినవారిలో సొంత ఫోన్ ఉన్నవారు 14 ఏళ్ల వయసులో 27 శాతం కాగా, 16 ఏళ్లకు 37.8 శాతం. సర్వేకు ముందు వారంలో చదువు కోసం ఫోన్ వాడినవారు 57 శాతం అయితే, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. పల్లెల్లో కూడా ఫోన్ అందుబాటు పెద్ద సమస్యగా మిగల్లేదని, అది దేనికి వాడుతున్నారన్నదే అసలు ప్రశ్న అని ఈ అంకెలు చెబుతున్నాయి.

అవసరం తేల్చుకోవడం

పిల్లలకు ఫోన్ అవసరమయ్యే పనులు మూడు రకాలు. బడికి చేరామనో, బస్సు తప్పిందనో ఇంటికి చెప్పడం మొదటిది. పాఠం వినడం, అర్థం కానిది వెతుక్కోవడం రెండోది. వినోదం, స్నేహితులతో ముచ్చట్లు మూడోది. మొదటి పనికి మాట్లాడే ఫోన్ చాలు. రెండో పనికి తెర కావాలి కానీ అది పిల్లల సొంతం కానక్కర్లేదు. రోజూ సాయంత్రం కొంతసేపు ఇంట్లో పెద్దల ఫోన్ దొరికితే సరిపోతుంది. టచ్ ఫోన్ కొనాలన్న పట్టుదల ఎక్కువగా మూడో పని వల్ల వస్తుంది, కారణంగా మాత్రం రెండో పనిని చెబుతారు.

బడి నియమం కూడా ముందే తెలుసుకోవాలి. గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, జవహర్ నవోదయ విద్యాలయాల వంటి రెసిడెన్షియల్ బడుల్లో విద్యార్థుల దగ్గర ఫోన్ ఉండనివ్వరు. అక్కడ సీటు వచ్చిన పిల్లలకు ఫోన్ కొనడం అనవసరపు ఖర్చు. ఇంటి నుంచి వెళ్లొచ్చే బడుల్లో కూడా చాలావరకు తరగతి గదిలోకి ఫోన్ రానివ్వరు. పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులో బడుల్లో విద్యార్థుల ఫోన్లను నిషేధించింది. ఫ్రాన్స్ 2018లోనే 15 ఏళ్ల లోపు పిల్లలు చదివే బడుల్లో ఫోన్ వాడకాన్ని చట్టంతో ఆపింది. ఫోన్ దగ్గర ఉన్నంత మాత్రాన ధ్యాస చెదురుతుందని, తిరిగి పాఠం మీదికి రావడానికి సమయం పడుతుందని యునెస్కో 2023 నివేదిక హెచ్చరించింది. బడికి ఫోన్ తీసుకెళ్లక తప్పని పిల్లల విషయంలో అది బడివేళల్లో స్విచాఫ్‌లో సంచిలో ఉంటుందా, హెడ్‌మాస్టర్ గదిలో అప్పజెప్పాలా అన్నది కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

ఊరి సిగ్నల్, దానికి తగిన సిమ్

ఫోన్ కంపెనీ పేరుతో మొదలుపెట్టడం ఈ ప్రాంతంలో తప్పుదారి. జనగామ హైదరాబాద్–వరంగల్ రహదారి మీద, రైలు మార్గం మీద ఉంది. అక్కడ టవర్లకు లోటు లేదు. మహబూబాబాద్, కేసముద్రం, డోర్నకల్ కూడా రైలు మార్గంలోని ఊళ్లే. రైలు మార్గానికి దూరంగా కొత్తగూడ, గంగారం వైపు అడవిలోకి వెళ్లేకొద్దీ, భూపాలపల్లి పట్టణం దాటి గోదావరి వైపు సాగేకొద్దీ సిగ్నల్ తీరు ఊరూరికీ మారుతుంది. ఒక గూడెంలో పలికే సిమ్ పక్క గూడెంలో పలకదు. కాబట్టి ఇంట్లో, బస్టాపులో, దారిలో, బడిలో ఏ సిమ్‌కు సిగ్నల్ నిలకడగా ఉందో ముందుగా చూడాలి. ఊళ్లో వేర్వేరు సిమ్‌లు వాడేవారి ఫోన్లు పట్టుకుని ఆ దారిలో ఒకసారి వెళ్లొస్తే విషయం తేలిపోతుంది. కంపెనీలు తమ వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు పెడుతున్నాయి. వాటితో ఒక అంచనాకు రావచ్చు.

సిమ్‌ను బట్టే ఫోన్ రకం తేలుతుంది. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ కూడా 4జీ మీదే వోల్టీ పద్ధతిలో వెళ్తుంది. అందుకే పాతకాలపు 2జీ డబ్బా ఫోన్‌లో జియో సిమ్ వేస్తే అది పలకదు. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌లు 2జీ ఫోన్లలో కూడా పనిచేస్తాయి. బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీ 2025 సెప్టెంబర్ 27న దేశవ్యాప్తంగా అధికారికంగా మొదలైంది. అంతకుముందు 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ చేర్చే పథకాన్ని రూ.26,316 కోట్లతో ఆమోదించింది. మారుమూల ఊళ్లలో బీఎస్‌ఎన్‌ఎల్ టవర్ ఒక్కటే దిక్కయినప్పుడు ఆ సిమ్ తీసుకోవాల్సి వస్తుంది. ఆ సంస్థ 4జీకి 700 మెగాహెర్ట్జ్, 2100 మెగాహెర్ట్జ్ తరంగాలు వాడుతోంది. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలను కూడా మెరుగ్గా దాటతాయి. అయితే ఫోన్‌లో 28వ బ్యాండ్ ఉంటేనే ఆ 700 తరంగాలు అందుతాయి. కొన్ని పాత 4జీ ఫోన్లలో ఈ బ్యాండ్ లేదు. కొనేముందు ఫోన్ డబ్బా మీదో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో బ్యాండ్ల జాబితా చూసుకోవాలి. లేదంటే దుకాణంలోనే సిమ్ వేసి ఒక కాల్ చేసి చూడాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివారికి సిమ్ అమ్మకూడదన్నది టెలికాం శాఖ నియమం. అందువల్ల పిల్లలు వాడే సిమ్ తల్లి లేదా తండ్రి పేరు మీదే ఉంటుంది, దానితో జరిగే ప్రతి పనికీ పూచీ కూడా వారిదే. ఒకరి పేరు మీద 9 సిమ్‌లకు మించి ఉండకూడదు. ఎవరి పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలియని నంబర్ కనబడితే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

రీచార్జ్ విషయంలో చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో తెచ్చిన నిబంధన ప్రకారం కంపెనీలు డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు కూడా అమ్మాలి. మాట్లాడే ఫోన్ ఇచ్చే ఇంటికి ఇలాంటి ప్యాకే సరిపోతుంది. తీసుకున్న సిమ్‌కు సిగ్నల్ బాగా లేదని తర్వాత తేలితే నంబర్ మారకుండానే కంపెనీ మారవచ్చు. పోర్ట్ అని, ఖాళీ వదిలి నంబర్ రాసి 1900కు సందేశం పంపితే ఆ ప్రక్రియ మొదలవుతుంది.

మూడు దారులు

మొదటి దారి 4జీ కీప్యాడ్ ఫోన్. 2023 జులైలో జియో భారత్ ఫోన్ రూ.999 ధరతో వచ్చింది. నోకియా పేరుతో, ఇతర కంపెనీల పేర్లతో కూడా 4జీ కీప్యాడ్ ఫోన్లు దొరుకుతాయి. ఛార్జింగ్ రోజుల తరబడి నిలుస్తుంది. కింద పడినా తొందరగా పాడవదు. పోయినా నష్టం తక్కువ. వీటిలో గమనించాల్సినవి రెండు. జియో భారత్ వంటి ఫోన్లు జియో సిమ్‌తోనే పనిచేస్తాయి కాబట్టి తర్వాత కంపెనీ మారితే ఫోన్ కూడా మార్చాల్సి వస్తుంది. కీప్యాడ్ ఉన్నంత మాత్రాన ఇంటర్నెట్ లేనట్టు కాదు. కొన్నింటిలో వీడియోలు, డబ్బు చెల్లింపులు కూడా ఉంటాయి. అవి వద్దనుకుంటే డేటా లేని ప్యాక్ వేయించడమే సులువైన మార్గం.

రెండో దారి ఇంటి ఫోన్. తల్లిదండ్రులు వాడే ఫోన్లకు తోడు ఒక టచ్ ఫోన్ ఇంటికి కొని, దాన్ని ఫలానా పిల్లాడిదని కాకుండా ఇంటిదిగా ఉంచడం ఈ పద్ధతి. అన్న పదో తరగతి పాఠం విన్నాక చెల్లె ఆరో తరగతి పాఠం వింటుంది. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్‌లను దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే పాఠానికి సంబంధించిన వీడియోలు తెరుచుకుంటాయి. దీక్ష 2017 సెప్టెంబర్‌లో మొదలైన ప్రభుత్వ వేదిక. టీశాట్ పాఠాలు యాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ ఉన్నాయి. ఇంగ్లిష్ మీడియంలోకి మారిన సర్కారు బడి పిల్లలకు ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లిష్‌లో ఉండే పుస్తకాలు ఇస్తున్నారు. తెలియని ఇంగ్లిష్ మాట ఎలా పలకాలో వినడానికి కూడా ఇంటి ఫోన్ అక్కరకు వస్తుంది.

మూడో దారి పిల్లలకు సొంత టచ్ ఫోన్. దీన్ని ఆరో తరగతిలో కాకుండా తొమ్మిది, పది తరగతుల దాకా వాయిదా వేయడమే మేలు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఖాతా తెరవడానికి ఆ కంపెనీలు పెట్టుకున్న కనీస వయసే 13 ఏళ్లు. ఆరో తరగతి పిల్లలకు 11 ఏళ్లే. బడి వాట్సాప్ గ్రూపులో ఉండాల్సింది తల్లిదండ్రుల నంబర్ తప్ప పిల్లల నంబర్ కాదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ల లోపువారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమలు చేస్తోంది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని పిల్లలుగా లెక్కించి, వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది.

టచ్ ఫోన్ కొనేటప్పుడు

ఇంటికైనా, పిల్లలకైనా టచ్ ఫోన్ కొనాలని తేల్చుకున్నాక చూడాల్సినవి కొన్నే. ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి, 6 జీబీ ఉంటే ఫోన్ మరికొన్నేళ్లు నెమ్మదించకుండా నడుస్తుంది. స్టోరేజీ 64 జీబీ అయితే వీడియోలతో త్వరగా నిండిపోతుంది. 128 జీబీ ఉన్నదాన్ని ఎంచుకోవడం మంచిది. బ్యాటరీ 5000 ఎంఏహెచ్ ఉన్న ఫోన్లు తక్కువ ధరలోనే వస్తున్నాయి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు అన్నది పిల్లల ఫోన్‌లో పట్టించుకోవాల్సిన విషయం కాదు. దుకాణంలో ఎక్కువగా చెప్పేది మాత్రం దాని గురించే.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్నది చాలామంది అడగని ప్రశ్న. అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో లోపాలు అలాగే మిగిలిపోతాయి. కొన్ని యాప్‌లు కొన్నాళ్లకు పనిచేయడం మానేస్తాయి. 2024 అక్టోబర్‌లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ ఏ16 5జీకి కంపెనీ ఆరేళ్ల అప్‌డేట్లు ఇస్తానని చెప్పింది. కొన్ని చౌక ఫోన్లకు ఈ గడువు రెండు మూడేళ్లే. ఆరో తరగతిలో కొన్న ఫోన్ పదో తరగతి దాకా నడవాలంటే ఈ గడువే ముఖ్యం. 5జీ విషయానికొస్తే, ఆ సేవలు దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలయ్యాయి. ఊళ్లో 5జీ లేకపోతే దానికోసం ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు. పాఠాల వీడియోలకు నిలకడైన 4జీ చాలు.

ఈ జిల్లాల్లో ఎండలు 44, 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లిథియం బ్యాటరీకి వేడి పడదు. రేకుల ఇంట్లో కిటికీ పక్కన, ఎండలో ఆపిన బండి డిక్కీలో ఫోన్ వదలకూడదు. దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయకూడదు. బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేస్తే ఆ ఫోన్ వాడకం అప్పుడే ఆపాలి. ఛార్జర్ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. కొన్ని కొత్త ఫోన్ల డబ్బాల్లో ఛార్జర్ రావడం లేదు కాబట్టి దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

రేడియేషన్ గురించి చాలా ఇళ్లలో భయం ఉంటుంది. ఫోన్ నుంచి శరీరం గ్రహించే శక్తికి భారత ప్రభుత్వం 2012 సెప్టెంబర్ నుంచి ఒక గ్రాము కణజాలం మీద సగటున కిలోకు 1.6 వాట్ల పరిమితి పెట్టింది. చాలా ఫోన్లలో *#07# నొక్కితే ఆ ఫోన్ విలువ కనబడుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది కనుక అలాంటి చోట్ల స్పీకర్‌లో మాట్లాడటం నయం.

ఫోన్ చేతికి వచ్చాక *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య వస్తుంది. అది డబ్బా మీద, బిల్లు మీద ఉన్నదానితో సరిపోవాలి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి ఆ సంఖ్య వేసి 14422కు సందేశం పంపితే ఫోన్ వివరాలు తిరిగి వస్తాయి. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసిన ఐఎంఈఐ అయితే అక్కడే బయటపడుతుంది. బిల్లు లేకుండా ఏ ఫోనూ కొనకూడదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ జిల్లా కేంద్రంలోనే ఉందా, రిపేరుకు వరంగల్ దాకా పోవాలా అన్నది కూడా అడగాలి. ఫైనాన్స్ మీద కొనేటప్పుడు సున్నా వడ్డీ అన్న మాట దగ్గరే ఆగకుండా ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో కాగితం మీద రాయించుకోవాలి. పత్తి డబ్బులు ఆలస్యమై ఒక వాయిదా తప్పితే జరిమానా పడుతుంది, క్రెడిట్ స్కోరు కూడా దెబ్బతింటుంది.

నాన్న పాత ఫోన్

చాలా ఇళ్లలో పిల్లలకు అందే తొలి టచ్ ఫోన్ పెద్దలు వాడి వదిలేసినదే. ఇది డబ్బు ఆదా చేసే పద్ధతే అయినా జాగ్రత్తగా చేయాల్సిన పని. రైతు ఇంట్లో ఫోన్ నంబర్ బ్యాంకు ఖాతాతో ముడిపడి ఉంటుంది. రైతు భరోసా సొమ్ము, వడ్ల డబ్బు పడే ఖాతా అదే. ఆ నంబర్‌తో నడిచే ఫోన్‌పే, గూగుల్‌పే యాప్‌లు పాత ఫోన్‌లో అలాగే మిగిలి, పిన్ కూడా పిల్లలకు తెలిస్తే ఒక ఆట యాప్‌లోనే పంట పెట్టుబడి కరిగిపోవచ్చు. అందుకే బ్యాంకుతో ముడిపడిన సిమ్‌ను తీసి పెద్దల కొత్త ఫోన్‌లో వేసుకోవాలి. పాత ఫోన్‌లోని ఫొటోలు, నంబర్లు కాపీ చేసుకుని, గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఖాతా తొలగించకుండా రీసెట్ చేస్తే ఫోన్ తిరిగి ఆన్ అయ్యాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోవచ్చు. బయటివారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి కూడా ఇదే పరీక్ష: అమ్మేవారి ఎదుటే రీసెట్ చేయించి, ఐఎంఈఐ సరిచూసి, అసలు బిల్లు తీసుకోవాలి.

చేతికివ్వకముందు సెట్టింగులు

దుకాణంలో తొందరగా పని ముగించడానికి ఏదో ఒక పుట్టిన సంవత్సరం వేసి జీమెయిల్ ఖాతా తెరవడం మామూలైపోయింది. పిల్లల వయసు ఎక్కువ వేస్తే గూగుల్ ఆ ఖాతాను పెద్దవారిదిగా లెక్కిస్తుంది. పిల్లలకు తగని ప్రకటనలు, వీడియోలు అక్కడి నుంచే మొదలవుతాయి. అసలు పుట్టిన తేదీతో, తల్లి లేదా తండ్రి ఖాతాకు జతచేసి ఖాతా తెరవాలి. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్ ఉచితం. దాంతో రోజుకు ఎంతసేపు వాడొచ్చో, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలో పెద్దల ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. కొత్త యాప్ దించాలంటే పెద్దల అనుమతి అడుగుతుంది. డేటా ఉన్నప్పుడు ఫోన్ ఎక్కడుందో కూడా చూపిస్తుంది. ఐఫోన్‌లో ఇదే పనికి స్క్రీన్ టైమ్ అనే సదుపాయం ఉంది.

యూట్యూబ్ ఖాతాను పర్యవేక్షణ పద్ధతిలోకి మార్చాలి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని దేశమంతటా నిషేధించే చట్టం చేసింది. అయినా లింకుల రూపంలో వచ్చే యాప్‌లు పిల్లల దాకా చేరుతూనే ఉంటాయి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏ ఫైలూ దించుకోకుండా ఆ అనుమతిని మూసివేయాలి.

ఆపద సమయానికి కూడా ఫోన్‌ను సిద్ధం చేయాలి. కీప్యాడ్ ఫోన్‌లో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే, టచ్ ఫోన్‌లో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. కొన్ని ఫోన్లలో ఇది వేరే తీరులో పనిచేస్తుంది కాబట్టి సెట్టింగుల్లో చూసి, పిల్లలకు చేయించి చూపాలి. అమ్మ, నాన్న నంబర్లు స్పీడ్ డయల్‌లో పెట్టాలి, నోటికి కూడా నేర్పించాలి. ఛార్జింగ్ అయిపోయిన రోజున బస్ కండక్టర్ ఫోన్ నుంచి చేయాల్సి వస్తే నోటికొచ్చిన నంబరే అక్కరకు వస్తుంది.

ఇంటి కట్టుబాట్లు

సెట్టింగులు సగం పనే చేస్తాయి. మిగతా సగం ఇంటి అలవాట్ల మీద ఉంటుంది. పదేళ్ల లోపు బడి పిల్లలకు స్క్రీన్ సమయం రోజుకు రెండు గంటల లోపే ఉండాలని భారత శిశు వైద్యుల సంఘం సూచించింది. అంతకు పెద్ద పిల్లల విషయంలో నిద్ర, ఆట, బడి పని, ఇంట్లోవాళ్లతో గడిపే వేళ, వీటన్నిటికీ చోటిచ్చాక మిగిలినంతే స్క్రీన్‌కు ఇవ్వాలన్నది ఆ సూచనల సారాంశం. రాత్రి ఫోన్ పిల్లలు పడుకునేచోట కాకుండా పెద్దల దగ్గర ఛార్జింగ్‌లో ఉండాలి. అన్నం తినేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. ఈ నియమం పెద్దలకు వర్తించకపోతే పిల్లల దగ్గర నిలవదు.

రోడ్డు మీద, పట్టాల దగ్గర జాగ్రత్త విడిగా చెప్పాలి. జనగామ, కేసముద్రం, మహబూబాబాద్, డోర్నకల్ వంటి ఊళ్లలో పట్టాలు దాటి బడికి వెళ్లే పిల్లలకు చెవిలో ఇయర్‌ఫోన్‌తో నడవడం ప్రాణాంతకం. పట్టాలు దాటేటప్పుడు ఫోన్ సంచిలోనే ఉండాలన్నది ఏ మినహాయింపూ లేని నియమం కావాలి.

ఆడపిల్లలకు ఫోన్ ఇవ్వడానికి ఇళ్లలో ఎక్కువ వెనకాడతారు. బడి దూరమైన ఆడపిల్లకు మాట్లాడే ఫోన్ అవసరం మగపిల్లాడికంటే తక్కువేమీ కాదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లల ప్రయాణం ఉచితం. దూరపు బడికి వెళ్లడానికి అది తోడ్పడినట్టే, ఆ దారిలో ధైర్యానికి ఫోన్ తోడ్పడుతుంది. భయం ఉన్నది ఫొటోల విషయంలో అయితే కెమెరా లేని, లేదా ఇంటర్నెట్ లేని ఫోన్ ఇవ్వవచ్చు. అసలు ఫోనే ఇవ్వకపోవడం ఆ భయానికి మందు కాదు.

తేడా వస్తే

అపరిచితులు సందేశాలు పంపడం, ఫొటోలు మార్చి బెదిరించడం, ఆటలో డబ్బు పోవడం వంటివి జరిగినప్పుడు పిల్లలు ఇంట్లో చెప్పకుండా దాచడానికి ముఖ్య కారణం, చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం. ఏం జరిగినా చెప్పిన పిల్లలను తిట్టబోమని ఫోన్ ఇచ్చిన రోజే మాటివ్వాలి. డబ్బు పోతే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. వేధింపుల మీద జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, జిల్లా పోలీసుల షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. పిల్లల రక్షణకు 1098, ఏ అత్యవసరానికైనా 112 పనిచేస్తాయి. ఫోన్ ధ్యాసలో పడి నిద్ర, తిండి, చదువు చెడిన పిల్లల విషయంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా దొరుకుతుంది. సందేశాలను, ఫొటోలను భయంతో చెరిపేయకూడదు, అవే సాక్ష్యాలు.

ఫోన్ పోతే ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకుని, సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ విభాగంలో ఐఎంఈఐని బ్లాక్ చేయించాలి. ఈ విధానం 2023 మే నుంచి దేశమంతటా అందుబాటులో ఉంది. బ్లాక్ అయిన ఫోన్‌లో ఎవరు సిమ్ వేసినా జాడ పోలీసులకు చేరుతుంది. దొరికాక తిరిగి తెరిపించుకోవచ్చు. అందుకే బిల్లు, ఐఎంఈఐ రాసిన కాగితం ఇంట్లో దాచి ఉంచాలి.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆరో తరగతిలో చేరే పిల్లల్లో ఎక్కువమందికి సరైన ఎంపిక ఒకటే: ఊరిలో బాగా పలికే సిమ్ వేసిన 4జీ కీప్యాడ్ ఫోన్ బడి సంచిలో, పాఠాలకు ఇంటి ఫోన్ ఇంట్లో. సొంత టచ్ ఫోన్ తొమ్మిదో తరగతికి, అది కూడా పిల్లలు ఇంటి ఫోన్ వాడిన తీరు చూశాక ఇవ్వడం మంచిది. మిగిలిన డబ్బు పుస్తకాలకు, సైకిల్‌కు పెడితే పిల్లలకు అంతకుమించిన మేలు జరుగుతుంది.